పసుపునీళ్ళు చల్లిన విస్తళ్ళు

మోదుగాకు విస్తట్లో అన్నం తిని నాకు చాలా ఏళ్ళయింది. ఎవరింట్లో భోజనానికి పిలిచినా కంచం అడిగి తెప్పించుకుంటాను. వడ్డించేవాళ్ళు చదువుకున్న పొగరు అనుకుంటారు. అనుకోనీ. ఆకు మీద నాకు కోపం లేదు. పాపం అది నల్లమల అడవిలో పుట్టి, ఎండి, కట్టలు కట్టించుకుని మార్కాపురం చేరడం తప్ప చేసిన తప్పేమీ లేదు. నాకు పడనిది దాని మీద నీళ్ళు చల్లే చెయ్యి.

జపానువాడు రంగూను మీద బాంబులు వేసిన ఏడాది సంగతి ఇది. అక్కడ మిల్లుల్లో, రేవుల్లో కూలికి పోయిన మనవాళ్ళు కొండలూ అడవులూ పడి నడిచి, దారిలో పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు రైళ్ళెక్కి మద్రాసు రాజధాని నలుమూలలకూ చేరారు. మా పడమటి తాలూకాల నుంచి బర్మా పోయినవాళ్ళు తక్కువే. అయినా ఈ వైపు ఊళ్ళ పేర్లు చెప్పుకున్న కొన్ని కుటుంబాలను తెచ్చి మార్కాపురం రోడ్డు స్టేషన్లో దింపారు. వాళ్ళకు ఊరి చివర ఒక పాత పలకల షెడ్డు ఇచ్చారు. బడిపిల్లలు రాసుకునే పలకలను మా ఊరి రాతితోనే కోసి చేస్తారు. ఆ షెడ్డులో పని ఆగిపోయి అంచులు విరిగిన పలకలు, రాతిపొడి మిగిలాయి. ఆ పొడి మీదే చాపలు పరిచి మనుషులను పడుకోబెట్టారు.

షెడ్డు యజమానే కాందిశీక సహాయ సంఘానికి ప్రెసిడెంటు. పనికిరాని షెడ్డు ఇచ్చి పనికొచ్చే పేరు తెచ్చుకున్నాడు. ఎంత కాదన్నా ఊళ్ళో పెద్దమనిషి, కాబట్టి ఇకనుంచి ప్రెసిడెంటు గారు అనే రాస్తాను. అలా రాయడం వల్ల నా అభిప్రాయం మారిందని ఎవరూ అనుకోవద్దు.

నేను అప్పుడు ఆడపిల్లల బడిలో టీచరును. మా నాయన పల్లెలో మిషను బడి పంతులు. ఆయన పుణ్యమా అని చెన్నపట్నంలో బి.ఏ. చదివి, పెళ్ళి చేసుకుని, భర్త పోయాక మళ్ళీ ఈ వైపే వచ్చి ఉద్యోగం వెతుక్కున్నదాన్ని. ఊళ్ళో ఇంగ్లీషు గడగడా మాట్లాడే ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి సంఘంలో నన్నూ ఒక మెంబరుగా వేసుకున్నారు. దొరలు వచ్చినప్పుడు మాట్లాడడానికి ఒక నోరు కావాలి కదా. ఆ నోరు దొరలు లేనప్పుడు కూడా పనిచేస్తుందని వాళ్ళకు ముందు తెలియదు.

సమావేశాలు ప్రెసిడెంటు గారి హాల్లో జరిగేవి. అందరికీ వెండిగ్లాసుల్లో మజ్జిగ వచ్చేది. నాది గాజుగ్లాసు, కిటికీలో విడిగా ఉండేది. క్రైస్తవుల గ్లాసు. తాగి, కడిగి, అక్కడే బోర్లించి పోవాలని మర్యాద. నేను తాగేదాన్ని, కడిగేదాన్ని కాదు. ఎవరు కడుగుతారో చూద్దామని తీరిగ్గా కూర్చునేదాన్ని. అలా ఎన్ని గ్లాసులు మాయమయ్యాయో ఆ ఇంటివాళ్ళకే తెలియాలి.

సంఘం మొదటి తీర్మానం ఏమిటంటే, కాందిశీకులకు ఊరికే అన్నం పెట్టకూడదు.

"ఊరికే పెడితే మనిషికి ఒళ్ళు బరువవుతుందమ్మా," అన్నారు ప్రెసిడెంటు గారు, తాంబూలం ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుంటూ. ఆయన ఒళ్ళెంత బరువో ఆయన కింద ఉన్న కుర్చీ చెప్పాలి. "ఏదో ఒక చేతిపని నేర్పిద్దాం. రేపు మనం లేకపోయినా బతుకుతారు."

"మనం ఉంటేనే కదండీ వాళ్ళకు కష్టం," అన్నాను. ఆయన నవ్వారు. నేను హాస్యమాడుతున్నానని అనుకున్నారు.

చేతిపని అంటే విస్తళ్ళు కుట్టడం. అడవి నుంచి చెంచులు తెచ్చే మోదుగాకు చౌకగా వస్తుంది, పుల్లలు ఊరికే వస్తాయి, మనుషులు అంతకన్నా ఊరికే వచ్చారు. రంగూన్లో బియ్యం మిల్లు ఇంజన్లు నడిపిన మగవాళ్ళనూ, దుకాణాల్లో బట్టలు కుట్టిన ఆడవాళ్ళనూ వరసగా కూర్చోబెట్టి ఆకుకు ఆకు ఎలా గుచ్చాలో నేర్పించారు. మద్రాసు నుంచి ఎవరో పుణ్యాత్ములు ఈ సంఘానికని కుట్టుమిషన్లు కూడా పంపారు. అవి ప్రెసిడెంటు గారి ఇంట్లో దిగాయి, అక్కడే ఉండిపోయాయి. ఆ ఇంటి ఆడవాళ్ళ రవికలు ఆ ఏడాది భలే కుదిరాయి.

షెడ్డు చూడడానికి ఎవరైనా గొప్పవాళ్ళు వస్తే కాందిశీకులందరూ పని చేస్తూ కనబడాలి. ఒంట్లో బాగున్నా బాగాలేకపోయినా చేతిలో ఆకు, పుల్ల ఉండాలి. ఒకసారి ప్రెసిడెంటు గారి భార్య చీర కుచ్చిళ్ళు రాతిపొడికి తగలకుండా ఎత్తిపట్టుకుని వరస పొడుగునా నడిచింది. ఒక పిల్ల దగ్గర ఆగింది.

"ఏమ్మా, పని వస్తా ఉందా?"

"ఆకుకి ఆకు గుచ్చడం నేర్చుకోడానికి ఆర్నెల్లు పడతాదనుకున్నానమ్మా. అరగంటకే వచ్చేసింది," అంది ఆ పిల్ల తల ఎత్తకుండా. "మిగతా ఆర్నెల్లూ ఏటి నేర్చుకోమంటారో మీరే చెప్పాలి."

నాకు ఆ పిల్ల అక్కడికక్కడే నచ్చింది. అందరూ రంగూను పిల్ల అనేవాళ్ళు. పిల్ల అంటున్నాను గానీ ఇరవై దాటిన మనిషి. తూర్పు జిల్లాల నుంచి పోయిన కూలీలకు రంగూన్లోనే పుట్టింది, రంగూన్లోనే టైలరు దగ్గర మిషను కుట్టింది. గిద్దలూరు దారిలో ఒక పల్లె నుంచి అక్కడికి పోయినవాణ్ణి పెళ్ళాడింది. కులం వేరు. నడిచి వస్తుండగా ఒక ఏటి రేవులో ఆడవాళ్ళను ముందు పడవ ఎక్కించారు, మగవాళ్ళను ఆపేశారు. ఆ తర్వాత మొగుడు కనిపించలేదు. పడవ కదిలేటప్పుడు వాడు ఒడ్డు నుంచి అరిచి చెప్పిన మాట ఒక్కటే: మార్కాపురం చేరి అక్కడ ఉండు, నేను వస్తాను.

ఈ పిల్ల ముందు అత్తగారి ఊరికే పోయింది. ఆ మహాతల్లి గుమ్మంలో నిలబడి, "మావాడు రంగూన్లో పెళ్ళి చేసుకున్నట్టు మాకెవురూ చెప్పలేదే. బతికుంటే వాడొచ్చి చెప్తాడు, అప్పుడు రా," అందట. తాగడానికి దోసిట్లో పైనుంచి నీళ్ళు పోసి, వెనక్కి పంపేసిందట.

"ఆయన ముందు ఆ ఊరే పోతాడు టీచరమ్మగారూ," అంది రంగూను పిల్ల నాతో. "నేనొచ్చినట్టు వాళ్ళు చెప్పరు. అక్కడ లేకపోతే మార్కాపురంలో ఎతుకుతాడు. ఎతికినప్పుడు నేను మార్కాపురంలో ఉండాలి. నాకు ఇంకేం అక్కర్లేదు. ఆకులు కుట్టమంటే ఆకులు కుడతాను, రాళ్ళు కొట్టమంటే రాళ్ళు కొడతాను. ఈ ఊరు దాటించకుండా ఉంటే చాలు."

వానలు మొదలయ్యేసరికి కలరా వచ్చింది. మా వైపు గత్తర అంటారు. పొదిలి నుంచి ఒక కబురు, పామూరు నుంచి ఒక కబురు, తర్వాత మా వీధిలోనే ఏడుపు. శానిటరీ ఇన్‌స్పెక్టరు డబ్బాతో తిరిగి బావుల్లో పర్మాంగనేటు వేశాడు. నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి. ఆ నీళ్ళు తాగితే ఏమీ కాదని ఇంటింటికీ చెప్పాడు. మా ఊరు వినే ఊరైతే కదా. మా ఇంటికి నీళ్ళు మోసే పెద్దమ్మ కుండ ఎత్తుకుని ఎక్కడో దూరం నుంచి రావడం మొదలుపెట్టింది.

"ఏంది పెద్దమ్మా, బడి బావి పక్కనే ఉంటే ఇంత దూరం ఎందుకు?"

"ఆ నెత్తురు నీళ్ళు ఎవురు తాగుతారు టీచరమ్మా? కుండ పాడైపోతాది."

"కుండ పాడైతే ఇంకోటి కొంటా. నేను పాడైతే?"

"మీకేమవుతాది, మీరు చదువుకున్నారు," అంది ఆమె నింపాదిగా. చదువుకున్న కడుపులోకి కలరా రాదని ఆమె నమ్మకం. ఆ నీళ్ళు గుమ్మం బయటే పారబోయించి, బడి బావి నుంచి తెప్పించాను. నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

షెడ్డులో వాళ్ళు మాత్రం మారు మాట్లాడకుండా ఎర్రనీళ్ళే తాగారు. నడిచివచ్చిన దారిలో ఈ జబ్బు ఏం చేస్తుందో కళ్ళారా చూసినవాళ్ళు, రంగు గురించి వాళ్ళకు పట్టింపు లేదు. జబ్బు వచ్చిన కొత్తలో ఇద్దరు ముగ్గురు పోయారు గానీ, షెడ్డు పక్క బావిలో మందు పడ్డాక షెడ్డులో ఒక్కరికీ వాంతి కాలేదు.

ఊళ్ళో ఎర్రమందు పడని బావి ఒకటే ఉంది, ప్రెసిడెంటు గారి తోటబావి. అది మడినీళ్ళ బావి. ఇన్‌స్పెక్టరు డబ్బా పట్టుకుని గేటు దాకా పోయి, మజ్జిగ తాగి, డబ్బాతో వెనక్కి వచ్చాడు. ఆ బావి చుట్టూ కట్టిన ఒర ఒక పక్క కూలిపోయి ఉంది. వాన పడితే తోట వెనక దొడ్లో ఉన్న మురికంతా ఆ పక్కనుంచి కారి బావిలోకే దిగేది. అది నేను చూశాను, ఇన్‌స్పెక్టరూ చూశాడు. చూసి ఇద్దరం చెరొక పని చేశాం. నేను అరిచాను, అతను దగ్గాడు.

అదే రోజుల్లో ప్రెసిడెంటు గారు కొత్త నూనెమిల్లు ప్రారంభం పెట్టుకున్నారు. జబ్బు తగ్గాక పెట్టుకోమంటే ముహూర్తం దాటిపోతుందన్నారు. తాసిల్దారు వస్తాడు, చందాలిచ్చిన షావుకార్లు వస్తారు, భోజనాలన్నీ కాందిశీకుల చేతిపని విస్తళ్ళలోనే పెడతామని సమావేశంలో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన భార్య మాత్రం మొహం ముడుచుకుంది.

"ఎవురు కుట్టినారో ఏమో. ఆ షెడ్డులో ఏ కులం వాళ్ళు ఉండారో మనకు తెలుసా? సముద్రం దాటి పోయి, అక్కడ ఎవరితో తిన్నారో, ఎవరిని కట్టుకున్నారో. పెద్ద పంక్తిలో ఆ విస్తళ్ళు ఎట్ల వేస్తారు?"

ఊళ్ళో రోజూ పాడె లేస్తుంటే పుట్టని భయం ఆ ఒక్క మాటతో అందరి మొహాల్లో కనిపించింది. పురోహితుడు గొంతు సవరించుకుని మార్గం చెప్పాడు. మడినీళ్ళలో పసుపు కలిపి, మంత్రం చెప్పి, విస్తరి విస్తరికీ మామిడాకుతో చల్లితే సరిపోతుంది. ఎలాగూ ఎండు విస్తరి మెత్తబడడానికి నీళ్ళు చల్లాల్సిందే, ఆ చల్లేవి ఈ నీళ్ళయితే రెండు పనులూ ఒకటే దెబ్బకు అవుతాయి.

"మడినీళ్ళు ఏ బావివండీ?" అన్నాను.

"మా తోటబావివే. ఇంకెక్కడున్నాయి మడినీళ్ళు?"

"అందులో మందు పడలేదు. ఒర కూలి మురికంతా దిగుతోంది. ఆ విస్తళ్ళు ఎండలో ఎండి పెళపెళలాడుతున్నాయి, వాటిలో ఏ జబ్బూ లేదు. మా బడిపిల్లలు రోజూ ఆ షెడ్డు విస్తళ్ళలోనే తింటున్నారు. మీరు శుద్ధి చేస్తున్నాం అనుకుంటూ జబ్బు చల్లబోతున్నారు. చల్లక తప్పదంటే ఆ నీళ్ళు కాచి చల్లండి."

"మడినీళ్ళు కాస్తే మడి ఎట్ల ఉంటాదమ్మా?" అన్నాడు పురోహితుడు, పసిపిల్లకు చెప్పినట్టు.

"అయితే నేరుగా వేయండి. చల్లొద్దు."

"మీకేమమ్మా, మీకు పట్టింపులు లేవు," అంది ప్రెసిడెంటు గారి భార్య. కిటికీలో నా గ్లాసు వైపు ఒకసారి చూసి మరీ అంది.

"నాకు ఉంది పట్టింపు. చచ్చిపోకూడదని," అన్నాను. ఎవరూ నవ్వలేదు. తీర్మానం నెగ్గింది. వద్దని చెయ్యెత్తింది నేనొక్కదాన్నే.

ప్రారంభానికి పోయాను. పోకపోతే ఏం జరిగిందో తర్వాత ఎవరూ నిజం చెప్పరని నాకు తెలుసు. పందిట్లో బారులు తీరిన విస్తళ్ళ మీద పురోహితుడి శిష్యుడు పసుపునీళ్ళు జల్లుకుంటూ పోయాడు. అతను దాటగానే, కూర్చున్నవాళ్ళు చేత్తో ఆ తడిని ఆకంతా రాసి, ఆ చేత్తోనే అన్నం కలుపుకున్నారు. ఆకుల మీద పసుపుచుక్కలు నిలిచి మెరుస్తున్నాయి. కాందిశీకుల విస్తళ్ళు ఎంత చక్కగా ఉన్నాయో అని తాసిల్దారు మెచ్చుకున్నాడు. కుట్టినవాళ్ళను మాత్రం పందిట్లోకి పిలవలేదు. వాళ్ళకు షెడ్డుకే బియ్యం, పప్పు పంపించారు, వండుకోమని. నాకు వరస చివర విడిగా విస్తరి వేశారు. దానికి దగ్గర్లో కూర్చోబోతున్న ఒక షావుకారు భార్యతో, "తినకండమ్మా, ఆ నీళ్ళు మంచివి కావు," అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి ఇంకో వరసలోకి పోయి కూర్చుంది. నేను తలనొప్పి అని చెప్పి లేచి వచ్చేశాను.

తర్వాత జరిగింది వివరంగా రాయబుద్ధి కాదు. మర్నాటి సాయంత్రానికి పెద్ద పంక్తిలో తిన్న ఇళ్ళల్లో మొదలైంది. వాళ్ళకు డాక్టరు ఇంటికి వచ్చి ఉప్పునీళ్ళు ఎక్కించాడు, చాలామంది లేచి కూర్చున్నారు. ఆఖరి పంక్తిలో తిన్న డోలు వాయించేవాళ్ళు, అంట్లు తోమినవాళ్ళు, పందిరి కట్టినవాళ్ళు, వీళ్ళకు డాక్టరు రాలేదు. పోయింది వీళ్ళే. విందు తిన్నవాళ్ళలో కూడా వరసలుంటాయి, చావు ఆ వరస తప్పదు.

ఊరికి కారణం వెతుక్కోవడానికి ఎంతో సేపు పట్టలేదు. విస్తళ్ళు కుట్టింది ఎవరు? కాందిశీకులు. జబ్బు ఎక్కడినుంచి వస్తుంది? బయటినుంచి. ఇంకేం కావాలి? మా నీళ్ళ పెద్దమ్మ కూడా అదే మాట మోసుకొచ్చింది.

"ఆ రంగూనోళ్ళు పుల్లలు నోట్లో పెట్టుకుని కుట్టినారంట టీచరమ్మా. ఆ ఎంగిలే ఇంత పని చేసిందంట."

"ఆ కట్టల్లోవే మన బడికీ వచ్చినాయి కదా. మన పిల్లలకు ఎవరికైనా వచ్చిందా?"

"రాలే."

"కుట్టినవాళ్ళకు వచ్చిందా?"

"రాలే."

"మరి?"

పెద్దమ్మ కుండ కింద దించింది. "అదే కదమ్మా వాళ్ళ మాయ. వాళ్ళకు రాదు, మనకు అంటిస్తారు," అంది. నా బి.ఏ. చదువు ఆ గుమ్మంలోనే చతికిలబడింది.

శానిటరీ ఇన్‌స్పెక్టరును బజార్లోనే పట్టుకున్నాను. బావి సంగతి పైకి రాస్తావా రాయవా అని అడిగాను. అతను చుట్టూ చూసి, "నాకు తెలీదనుకున్నారా అమ్మా? పెళ్ళాం బిడ్డలు ఉండారు. ఆయన ఒక్క మాట చెప్తే నన్ను ఏ అడివికి మారుస్తారో," అన్నాడు. షెడ్డే కారణమని రాసి పంపాడు. షెడ్డు ఖాళీ చేయించి అందరినీ చెన్నపట్నం వైపు వేరే క్యాంపుకు పంపాలని ఉత్తర్వు వచ్చింది.

రంగూను పిల్ల ఆ కబురు విని నేరుగా బడికి వచ్చింది. క్లాసు గుమ్మంలో నిలబడింది, లోపలికి రాలేదు. పిల్లలు చూస్తున్నారని చెంగుతో మొహం తుడుచుకుంది.

"మీరు మాట్లాడతారు కదండీ టీచరమ్మగారూ. అందరితో దెబ్బలాడతారు కదా. నాకోసం దెబ్బలాడండి. నన్ను ఈ ఊరు దాటిస్తే ఆయనకు నేను చచ్చినట్టే."

దెబ్బలాడాను. బడి వదిలిన ప్రతి సాయంత్రం బజారు మెట్ల మీద నిలబడి బావి గురించి, ఒర గురించి, పసుపునీళ్ళ గురించి చెప్పాను. కొందరు విన్నారు, ఎక్కువమంది నవ్వారు. చచ్చినవాళ్ళ తాలూకు ఇద్దరు మాత్రం నవ్వకుండా నిలబడి విన్నారు. వాళ్ళు అలా నిలబడడమే ప్రెసిడెంటు గారి చెవిన పడినట్టుంది. మనిషిని పంపారు, రమ్మని.

ఆ రోజు హాల్లో ఆయన ఒక్కరే ఉన్నారు. మజ్జిగ రాలేదు.

"మా బావి గురించి బజారంతా తిరిగి చెప్తున్నారంట."

"తిరగడం లేదు. ఒక్కచోటే నిలబడి చెప్తున్నా. వాళ్ళే వస్తున్నారు."

"మీకు ఆ రంగూను పిల్ల మీద ప్రేమ అని విన్నా. ఎవరో ఒకరు పూచీ పడితే ఆ పిల్లను పంపక్కర్లేదు. తాసిల్దారుకు నేను చెప్తాను. మీ ఇంట్లోనే పెట్టుకోండి." ఆయన కొంచెం ముందుకు వంగారు. "మీరు మాత్రం బావి మాట ఎత్తకూడదు."

"మిగతావాళ్ళు?"

"వాళ్ళ ఉత్తర్వు అయిపోయింది. ఒకరంటే నా చేతిలో ఉంది."

ఆయన అబద్ధం చెప్తున్నాడో నిజం చెప్తున్నాడో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. మనుషులను కూరగాయల్లా ఒకటి తీసి ఇస్తానంటున్నాడు. ఆ హాల్లో కూర్చుని బేరమాడుతున్నానే అని నా మీద నాకే రోత పుట్టింది. కానీ గుమ్మంలో మొహం తుడుచుకున్న పిల్ల కళ్ళముందు ఉంది.

"ముందు బావిలో మందు వేయించాలి," అన్నాను.

"మడిబావమ్మా అది."

"అయితే నేను బజార్లోకి పోతా."

చాలాసేపు తాంబూలం నమిలారు. "సరే, వేయిస్తా. మీరు ఇంక ఎప్పటికీ..."

"ఎప్పటికీ అంటే నాకు చేతకాదు. నన్ను నేనెరుగుదును. ఆ పిల్ల మొగుడు వచ్చేదాకా."

ఆయన నవ్వారు. వాడు ఏ అడవిలోనో ఎముకలై ఉంటాడన్న ధీమా ఆ నవ్వులో కనబడింది. "అట్లనే కానీ. వాడొచ్చేదాకా," అన్నారు.

మర్నాడు తోటబావిలో ఎర్రమందు పడింది. ఆ సాయంత్రం మిల్లు ముందు ఊరిజనాన్ని చేర్చి ప్రెసిడెంటు గారు మాట్లాడారు. కాందిశీకులు తన మడిబావిని కూడా మైలపరిచారనీ, అయినా వాళ్ళ మీద కోపం పెట్టుకోకుండా, ఊరి మేలు కోరి, తన సొంత బావిలో మందు వేయించుకుని త్యాగం చేశాననీ చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో పూలదండ వేశారు. నేను ముందు వరసలో నోరు మూసుకుని కూర్చున్నాను. అంత సేపు నోరు మూసుకుని కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. నాలుక మీద బల్లి పాకినట్టు ఉంది.

షెడ్డువాళ్ళను లారీ ఎక్కించే రోజున పోయి నిలబడ్డాను. ఎక్కుతూ ఎక్కుతూ ఒక ముసలామె నన్ను చూసి, "మళ్ళీ ఇంకో చోట ఇంకో పని నేర్పుతారు కామోసు తల్లీ," అంది. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

రంగూను పిల్ల మా ఇంటికి వచ్చింది. నీళ్ళ పెద్దమ్మ మా ఇంట్లోకి అడుగుపెట్టనని కుండ గుమ్మం బయటే దించి పోయేది. ఆ కోపంతోనే ఇద్దరు బడిపిల్లలను ఇళ్ళవాళ్ళు మాన్పించారు. ఆ పిల్ల మా వసారాలో కూర్చుని బడికి కావలసిన విస్తళ్ళు కుట్టేది. బజార్లో ఆమె కుట్టినవి కొనే దిక్కు లేదు. నీళ్ళకు బయటికి పోతే ఆడవాళ్ళు కుండలు పక్కకు జరుపుకునేవాళ్ళు. ఆమె ఒక్కసారి కూడా నన్ను నిజం చెప్పమని అడగలేదు. నా ఒప్పందం ఆమెకు చెప్పాను.

"మీరు మాటాడకండి. నేను ఇక్కడుంటే చాలు. అననీండి," అనేది.

జొన్నకోతలు అయిపోయే రోజుల్లో ఒక మధ్యాహ్నం పెద్దమ్మ గుమ్మంలోంచి కేకేసింది. "టీచరమ్మా, ఎవురో వచ్చినాడు. మీ రంగూను పిల్ల మొగుడంట. బజార్లో అందరినీ అడగతా ఉంటే నేనే తోలుకొచ్చినా. రంగూను పిల్ల అని వాడు అడిగినా ఎవురూ ఇల్లు చూపీలే."

వాడు సగానికి సగం తగ్గిపోయిన మనిషి. ఒక కాలు ఈడుస్తున్నాడు. వసారాలో ఆమెను చూసి గోడ పట్టుకుని కూలబడ్డాడు. ఆమె లేచి రెండడుగులు వేసి ఆగిపోయింది. చెంబుతో నీళ్ళిచ్చింది, తాగాడు. నేను లోపలికి పోదామని లేచాను. అప్పుడు వాడు, చెంబు కింద పెట్టకుండానే, అడిగాడు.

"మా అమ్మోళ్ళు చెప్పినారు. బజార్లో కూడా అంటా ఉండారు. నీ చేతి విస్తళ్ళలో తిని జనం చచ్చినారంట. నిజమేనా?"

ఆమె మొహం చూశాను. ఇన్ని నెలలు ఊరంతా అన్నప్పుడు రాని రంగు అప్పుడు వచ్చింది.

"ఇన్నాళ్ళకు వచ్చి నువ్వు మొదట అడిగే మాట ఇదేటి?" అంది.

"నేననలే. జనం అంటా ఉండారు."

అంతే, నేను మళ్ళీ వసారాలోకి వచ్చాను. వాడికి చెప్పడం మొదలుపెట్టాను గానీ గొంతు వాడి దగ్గర ఆగలేదు. తోటబావి, కూలిన ఒర, మందు డబ్బాతో వెనక్కి పోయిన ఇన్‌స్పెక్టరు, పసుపు కలిపిన మడినీళ్ళు, ఆఖరి పంక్తిలో చచ్చినవాళ్ళు, ఎవరు ఎవరి ఇంట్లో ఏం బేరమాడారో అన్నీ చెప్పాను. వీధి మెట్లు దిగి నిలబడి చెప్పాను. కిటికీలు తెరుచుకున్నాయి. పెద్దమ్మ కుండ నెత్తిన పెట్టుకునే నిలబడిపోయింది. వాడు తల వంచుకుని విన్నాడు. నేను ఆగాక లేచి, కాలు ఈడ్చుకుంటూ ఆమె దగ్గరికి పోయి, "తప్పయింది," అన్నాడు. ఆమె లోపలికి పోయి అన్నం తెచ్చి, కంచంలో వడ్డించి, వాడి ముందు పెట్టింది.

పొద్దు వాలకముందే ప్రెసిడెంటు గారి గుమాస్తా వచ్చాడు. వీధిలోనే నిలబడ్డాడు.

"అయ్యగారు అడగమన్నారు. మాట ఇచ్చి తప్పినారంట కదా."

"తప్పలేదు," అన్నాను. "ఆ పిల్ల మొగుడు వచ్చేదాకా అన్నాను. వచ్చినాడని చెప్పు. నమ్మకం లేకపోతే ఆయన్నే వచ్చి చూసుకోమను, వసారాలో కూర్చుని అన్నం తింటా ఉండాడు."